కాన్పుకు ఒక్క పిల్లే: కోతి ఎందుకు పెరుగుతోంది, లోతు సముద్రపు సొర ఎందుకు తరుగుతోంది?

మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో కోతుల మంద చేను మీద పడితే రైతు ఇంటికి తెచ్చుకునేది చొప్ప మాత్రమే. తెలంగాణలో చాలా ఊళ్లలో వేరుసెనగ, కూరగాయలు వేయడం మానుకున్నవాళ్లు ఉన్నారు. గట్ల మీద కొండముచ్చు బొమ్మల ఫ్లెక్సీలు నిలబెట్టినా రెండు రోజులే పనిచేస్తాయి, మూడో రోజు కోతి వాటి మీదే ఎక్కి కూర్చుంటుంది. ఇన్ని కోతులు ఎలా పుట్టుకొచ్చాయి, వీటికి చట్టం రక్షణ ఎందుకు అన్న ప్రశ్న రచ్చబండ నుంచి శాసనసభ దాకా వినిపిస్తూనే ఉంది.

సముద్రం సంగతి వచ్చేసరికి మన ఆలోచన దీనికి తలకిందులుగా ఉంటుంది. చేప లక్షల గుడ్లు పెడుతుంది, ఎంత పట్టినా తరగదు అనుకుంటాం. రోహు, బొచ్చె వంటి చేపల విషయంలో ఇది చాలావరకు నిజమే. కానీ లోతు సముద్రంలో గల్పర్ సొర అనే చేప ఒకటి ఉంది. అది గుడ్లు బయటకు వదలదు. పిల్లను కడుపులో మోసి కంటుంది. ఆ కుటుంబంలో బాగా అధ్యయనం జరిగిన జాతుల్లో కొన్ని కాన్పుకు ఒకే ఒక్క పిల్లను కంటాయి.

కోతి కూడా కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. ఈ పోలిక దగ్గరే నా ఆసక్తి మొదలైంది. పిల్లల సంఖ్య రెండింటికీ ఒకటే అయినప్పుడు ఒకటి ఊళ్లను నింపుతుంటే రెండోది సముద్రంలో ఖాళీ అవుతోంది. ఆ తేడా ఎక్కడ పుడుతోందో లెక్క వేసి చూస్తే కోతుల గొడవలోనూ, సొరల గొడవలోనూ జనం తికమక పడే విషయాలు చాలా విడిపోతాయి.

రెండు జీవుల పరిచయం, ఒక వింత బంధుత్వం

ఇక్కడ కోతి అంటే రీసస్ కోతి. ఎర్రటి ముఖం, ఎర్రటి పిరుదులు, శరీరంలో సగానికి మించని తోక దీని గుర్తులు. ఆఫ్ఘనిస్థాన్ నుంచి చైనా దాకా సహజంగా వ్యాపించింది. మనిషిని పక్కన పెడితే ఇంత విశాలమైన నేల మీద బతికే ప్రైమేట్ (కోతులు, మనుషులు ఉన్న వర్గం) జాతి మరొకటి లేదు. మగది ఏడెనిమిది కిలోలు, ఆడది సుమారు ఐదు కిలోలు తూగుతుంది. మందకు వెన్నెముక ఆడకోతులే. ఆడపిల్లలు పుట్టిన మందలోనే జీవితమంతా ఉంటాయి, మగవి ఈడొచ్చాక బయటికి వెళ్లి వేరే మందలో చేరతాయి.

సొర మృదులాస్థి చేప. అంటే దాని అస్థిపంజరంలో మనకున్నలాంటి గట్టి ఎముక ఉండదు. మన చెవి డొప్పను వంచితే తెలిసే మెత్తని, సాగే పదార్థం ఉంటుందే, ఆ రకం పదార్థంతోనే దాని అస్థిపంజరమంతా నిర్మితమైంది. సొరలు, టేకు చేపలు, కైమెరాలు అనే వాటి దూరపు చుట్టాలు అన్నీ కలిపి ఈ వర్గంలో 1,200కు పైగా జాతులున్నాయి. వాటిలో గల్పర్ సొరలు సెంట్రోఫోరస్ అనే ప్రజాతికి చెందినవి. పొడవు మీటరు, మీటరున్నర. కళ్లు పెద్దవి, ఆకుపచ్చగా మెరుస్తాయి. వీపు మీద రెండు రెక్కలు, ఒక్కో రెక్క ముందు ఒక్కో ముల్లు. ఎక్కువగా 200 మీటర్ల నుంచి వెయ్యి మీటర్లకు పైబడిన లోతుల్లో తిరుగుతాయి. అక్కడికి మొక్కలు బతికేంత వెలుగు చేరదు. నీళ్లు చల్లగా ఉంటాయి. తిండి దాదాపుగా పైనుంచి రాలిపడాల్సిందే, లేదా పైనుంచి దిగివచ్చిన జీవి దొరకాల్సిందే.

ఇక్కడ చాలామందిని ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. తెలంగాణ రాష్ట్ర చేప కొరమీనును, సొరను, కోతిని పక్కపక్కన పెట్టి ఏ రెండూ దగ్గరి చుట్టాలని అడిగితే, రెండు చేపలే అంటాం. జీవ పరిణామం చెప్పే జవాబు వేరు. సొరల పూర్వీకులు, ఎముక ఉన్న జంతువుల పూర్వీకులు సుమారు 42 నుంచి 45 కోట్ల ఏళ్ల కిందట విడిపోయారు. ఆ రెండో కొమ్మలోంచే తర్వాత కొరమీనూ వచ్చింది, కోతీ వచ్చింది, మనమూ వచ్చాం. కాబట్టి కొరమీనుకు సొరకన్నా కోతే దగ్గరి బంధువు. ‘చేప’ అన్న మాట నీళ్లలో ఈదే రూపాన్ని చెబుతుంది, వంశాన్ని చెప్పదు. చేప కాబట్టి లక్షల గుడ్లు పెడుతుందిలే అన్న నమ్మకం సొర దగ్గర ఎందుకు చెల్లదో దీన్నిబట్టి తెలుస్తుంది.

సొరను వేటాడేది దాని కాలేయం కోసం

ఎముక ఉన్న చేపల్లో చాలావాటికి కడుపులో గాలితిత్తి ఉంటుంది. దానితోనే అవి నీటిలో తేలతాయి. సొరలకు గాలితిత్తి లేదు. తేలడానికి వాటికున్న ఉపాయం నూనె నిండిన పెద్ద కాలేయం. మన కాలేయం ఒంటి బరువులో రెండు శాతం ఉంటుంది. లోతు నీటి సొరల్లో అది నాలుగో వంతు దాకా ఉండవచ్చు. ఆ నూనెలో ప్రధాన పదార్థం స్క్వాలీన్. లీటరు సముద్రపు నీరు 1.025 కిలోలు తూగితే లీటరు స్క్వాలీన్ సుమారు 0.86 కిలోలే తూగుతుంది. ఆ తేడాయే సొరను మునిగిపోకుండా నిలబెడుతుంది. కండరాలకు పెద్దగా పని పెట్టకుండా, తిండి కరువైన చీకట్లో మెల్లగా ఈదడానికి ఇంతకన్నా పొదుపైన ఏర్పాటు ఉండదు.

జపాన్ రసాయన శాస్త్రవేత్త మిత్సుమారు త్సుజిమోటో 1906లో సొర కాలేయ నూనెలో ఈ పదార్థాన్ని గుర్తించాడు. స్క్వాలీన్ సొరలకు మాత్రమే పరిమితం కాదు. మన శరీరం కొలెస్టరాల్ తయారుచేసే దారిలో అది ఒక మెట్టు, మన చర్మపు జిడ్డులోనూ ఉంటుంది. ఆలివ్ నూనెలోనూ, తోటకూర జాతి గింజల నూనెలోనూ దొరుకుతుంది. అయితే ఒకేచోట ఇంత మొత్తంలో, ఇంత సులభంగా తీయగలిగేది లోతు సొర కాలేయం నుంచే. చర్మానికి రాసుకునే క్రీములకు, ఆరోగ్య మాత్రలకు, కొన్ని టీకాలకు ఇది ముడిసరుకు అయింది.

కాన్పుల లెక్క: 89కి 2

ఇప్పుడు అసలు లెక్కకు వద్దాం. ఇది కాగితం మీద లెక్క మాత్రమే. ఏ అడవిలోనూ, ఏ సముద్రంలోనూ ఇంత శుభ్రంగా జరగదు. అయినా పైకప్పు ఎంత ఎత్తులో ఉందో తెలుసుకోవడానికి ఇది చాలు.

ఒక ఆడ కోతిపిల్ల ఈరోజు పుట్టిందనుకోండి. నాలుగో ఏట తల్లి అవుతుంది. గర్భం ఐదున్నర నెలలు. తిండి బాగా దొరికితే ఏటా ఒక పిల్ల. పిల్లల్లో సగం ఆడవి కాబట్టి రెండేళ్లకు ఒక ఆడపిల్ల అనుకుందాం. చావులు లేవనుకుంటే నాలుగో ఏట ఒకటి, ఆరో ఏట ఒకటి, ఎనిమిదో ఏట రెండు (పెద్ద కూతురు కూడా కంటుంది కాబట్టి), పదో ఏట మూడు, పన్నెండో ఏట ఐదు... ఇలా 20వ ఏడు నిండేసరికి ఆ ఒక్క ఆడకోతి వంశంలో 89 ఆడకోతులు ఉంటాయి. పుట్టిన పిల్లల్లో సగం ఈడుకు రాకముందే చనిపోతాయనుకున్నా ప్రతి నాలుగేళ్లకూ సంఖ్య రెట్టింపవుతుంది. 20 ఏళ్లకు 32.

అదే రోజు ఒక ఆడ గల్పర్ సొర పుట్టిందనుకోండి. మధ్యధరా సముద్రంలో చేసిన పరిశోధనల అంచనా ప్రకారం అది ఈడుకు రావడానికే సుమారు 16 ఏళ్లు పడుతుంది. ఆ తర్వాత గర్భం దాదాపు రెండేళ్లు. అంటే మొదటి పిల్ల 18వ ఏట. ఆ పైన రెండేళ్లకు ఒక పిల్ల చొప్పున, సగం ఆడవి కాబట్టి నాలుగేళ్లకు ఒక ఆడపిల్ల. చావులు అసలే లేవనుకున్నా, మొదటిదే ఆడపిల్ల అనుకున్నా, 20 ఏళ్లకు ఆ వంశంలో ఆడసొరలు రెండు. తల్లి, కూతురు. అంతే. 40 ఏళ్లు ఆగితే పది.

కాన్పుకు ఒక్క పిల్లే అన్న పోలిక అలాగే ఉంది, గడియారాలు మాత్రం వేరు. జీవశాస్త్రంలో దీనిని జీవిత చక్రపు వేగం అంటారు. మూడు సంఖ్యలు దాన్ని నిర్ణయిస్తాయి: మొదటి కాన్పు ఏ వయసులో, రెండు కాన్పుల మధ్య ఎంత కాలం, పుట్టిన పిల్లల్లో ఎన్ని ఈడుకు వస్తాయి. కాన్పుకు ఎన్ని పిల్లలన్నది నాలుగోది. మనం మాత్రం ఆ నాలుగోదాన్నే చూసి తీర్పు చెప్పేస్తుంటాం.

సొర గడియారం ఎందుకంత నిదానం? చల్లటి నీటిలో శరీరం నిదానంగా పనిచేస్తుంది. తిండి అరుదు కాబట్టి పెరుగుదల నిదానం. గల్పర్ తల్లి తన దేహంలో కూడబెట్టిన శక్తినంతా ఒక పెద్ద పచ్చసొనలో పెట్టి, ఆ సొన మీదే పిల్లను రెండేళ్లు పెంచుతుంది. అలా పుట్టిన పిల్ల అప్పటికే జానెడుకు మించిన పొడవుతో సొంతంగా వేటాడగలుగుతుంది. కోటానుకోట్ల ఏళ్లుగా లోతు సముద్రంలో పెద్ద సొరను తినే జీవులు తక్కువ కాబట్టి ఈ పద్ధతి చక్కగా నడిచింది. వీటి వయసును వీపు ముల్లును అడ్డంగా కోసి, చెట్టు మొద్దులో వలయాల్లాగే లెక్కపెట్టి అంచనా వేస్తారు. ఇదే ప్రజాతిలో ఒక జాతి 70 ఏళ్ల దాకా బతుకుతుందని అలా తేలింది. చల్లటి నీటి మరో సొర, గ్రీన్‌లాండ్ సొర, దీన్ని మించింది. 2016లో ప్రచురితమైన అధ్యయనం దాని కంటి కటకంలోని రేడియో కార్బన్‌ను కొలిచి, ఒక పెద్ద సొర వయసు సుమారు 390 ఏళ్లు, అటూ ఇటుగా 120 ఏళ్లు అని లెక్కగట్టింది.

వల దిగాక ఆ లెక్క ఏమవుతుంది

ఇదే లెక్కను వడ్డీగా మార్చి చూడవచ్చు. 40 ఏళ్లలో ఒకటి పది అయిందంటే ఏడాదికి సుమారు ఆరు శాతం పెరుగుదల. చావే లేని కాగితపు సముద్రంలో గరిష్ఠ వడ్డీ అది. కోతిది, సగం పిల్లలు చనిపోయాక కూడా, ఏడాదికి సుమారు 19 శాతం.

నూరు సొరలున్న చోట ఏటా పదో వంతు పట్టారనుకోండి. ఆరు శాతం చేరుతుంది, పది శాతం పోతుంది. 20 ఏళ్లకు మిగిలేవి 38. ఐదో వంతు పడితే అదే 20 ఏళ్లకు మిగిలేవి నాలుగు కూడా ఉండవు. పదో వంతు, ఐదో వంతు అన్నవి చేపల వేటలో పెద్ద అంకెలేమీ కావు. త్వరగా పెరిగే కవళ్లనో కానాగంతలనో అంత పడితే మరుసటి ఏడు మళ్లీ వస్తాయి.

ఈ లెక్కకు దగ్గరగా నిజంగా జరిగిన సంఘటనలు ఉన్నాయి. మాల్దీవుల్లో 1980లో గల్పర్ సొరల వేట మొదలైంది. కాలేయ నూనెను ఎగుమతి చేసేవారు. కొద్ది ఏళ్లలోనే పట్టుబడి పతాకస్థాయికి చేరి, తర్వాత పడిపోయింది. సుమారు 20 ఏళ్లలో ఆ సొరలు 97 శాతం తగ్గాయని అంచనా. ఆ వేట దానంతటదే ఆగిపోయింది, పట్టడానికి మిగలక. 2010లో మాల్దీవులు అన్ని సొరల వేటనూ నిషేధించాయి.

ఆస్ట్రేలియా ఉదాహరణ నాకు ఇంకా బలంగా తోస్తుంది, ఎందుకంటే అక్కడ కొలత శుభ్రంగా జరిగింది. న్యూ సౌత్ వేల్స్ తీరానికి దూరంగా 1976-77లో ఒక పరిశోధన నౌక లోతు నీటిలో వల లాగి, గంటకు ఎన్ని సొరలు పడ్డాయో రాసుకుంది. అదే నౌక, అదే పద్ధతిలో 1996-97లో మళ్లీ వెళ్లింది. గల్పర్ సొరల పట్టుబడి 98 శాతానికి పైగా పడిపోయింది. ఆ మధ్యకాలంలో అక్కడ వాణిజ్య ట్రాలర్లు తిరిగాయి. ఎక్కువగా ఇతర చేపల కోసమే తిరిగాయి. సొరలు వాటితోపాటు వలలో పడ్డాయి.

మన దేశంలో కేరళ తీరం నుంచి, ముఖ్యంగా కొచ్చిన్ రేవు నుంచి, లోతు సొరల పట్టుబడి 2000 తర్వాతి సంవత్సరాల్లో బాగా నమోదైంది. అక్కడి మత్స్యకారుల మాట కూడా వినాలి. తీరం దగ్గర చేపలు తగ్గాయి, డీజిలు ఖర్చు పెరిగింది. లోతుకు వెళ్లినవాడికి కాలేయం అమ్మితే వచ్చే డబ్బు ఆ ప్రయాణాన్ని నిలబెడుతుంది. సముద్రం విశాలం, ఇక్కడ తగ్గితే మరోచోట ఉంటాయి అన్నది వారి అనుభవం. మిగతా చేపల విషయంలో ఆ అనుభవం తప్పు కాదు. గల్పర్ సొర విషయంలో మాత్రం కొత్త చోట దొరికినవి పాత చోట మళ్లీ పుట్టినవి కావు, అంతవరకు వల తగలనివి. 2024లో వెలువడిన ఒక అంతర్జాతీయ అధ్యయనం లోతు నీటి సొరలు, టేకు చేపల జాతులు 500కు పైగా పరిశీలించి, ఏడింటిలో ఒకటి అంతరించే ముప్పులో ఉందని చెప్పింది.

కోతుల్ని పట్టుకెళ్లినా తగ్గనిది ఎందుకు

ఇదే లెక్కను కోతుల వైపు తిప్పితే రైతు ఫిర్యాదులోని నిజం కనబడుతుంది. ఊళ్లో వంద కోతుల్ని పట్టి ఎక్కడో వదిలిపెడితే మిగిలినవాటికి తిండి ఎక్కువ దొరుకుతుంది. తిండి ఎక్కువైతే ఏటా కనేవి పెరుగుతాయి, బతికే పిల్లలు పెరుగుతారు. వదిలిపెట్టిన చోట మరో ఊరికి తిప్పలు మొదలవుతాయి.

పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం రెండో మార్గం. హిమాచల్ ప్రదేశ్ దీన్ని 2007 నుంచి పెద్దఎత్తున నడిపింది. తెలంగాణలో 2020 చివర్లో నిర్మల్ దగ్గర చించోలిలో కోతుల సంరక్షణ, పునరావాస కేంద్రం ఇదే పని కోసం మొదలైంది. ఎంతమందికి చేస్తే ఫలితం ఉంటుందో చూడడానికి ఒక ఊహా మందను తీసుకుందాం. ఈడొచ్చిన ఆడవి 40, ఏటా 36 పిల్లలు, వాటిలో బతికి పెద్దవయ్యేవి 18, మందలో ఏటా చనిపోయే పెద్దవి పది. అంటే ఏటా ఎనిమిది పెరుగుతాయి. 20 ఆడకోతులకు ఆపరేషన్ చేస్తే చేరేవి తొమ్మిది, పోయేవి పది. సగం ఆడకోతులకు చేశాక కూడా మంద పెరగడం ఆగింది, అంతే. తగ్గడం కంటికి కనపడాలంటే అంతకన్నా ఎక్కువ వాటికి చేయాలి, ఏళ్ల తరబడి చేయాలి. ఆపరేషన్ అయిన కోతి కూడా 20 ఏళ్ల వరకు చేలో తింటూనే ఉంటుంది కదా. ప్రభుత్వాలు డబ్బు ఖర్చు పెట్టినా రైతుకు తేడా తెలియకపోవడానికి కారణం ఇదే. హిమాచల్ గణాంకాల ప్రకారం 2004లో మూడు లక్షలకు పైగా ఉన్న కోతులు 2015కు సుమారు రెండు లక్షలకు, ఆ తర్వాతి లెక్కకు సుమారు 1.36 లక్షలకు తగ్గాయి. అయితే అక్కడి రైతు సంఘాలు పంట నష్టం ఆ మేరకు తగ్గలేదని అంటూనే ఉన్నాయి. రెండూ ఒకేసారి నిజం కావచ్చు: సంఖ్య తగ్గి, మిగిలినవి చేల చుట్టే చేరితే నష్టం తగ్గదు.

కోతులు ఊళ్లోకి ఎందుకు వచ్చాయన్నదానిపై మూడు వాదనలున్నాయి. అడవుల్లో పండ్ల చెట్లు పోయి, టేకు, నీలగిరి వంటి తోటలు పెరిగాయని కొందరంటారు. గుడి మెట్ల మీద అరటిపండు, రోడ్డు పక్క చెత్తకుప్ప కోతికి అడవికన్నా సులభమైన తిండి అయ్యాయని మరికొందరు. మూడో వాదన చరిత్రలోంచి వచ్చింది. 1950లలో పోలియో టీకా తయారీకి, పరిశోధనలకు మన దేశం నుంచి ఏటా లక్షకు పైగా రీసస్ కోతులు విదేశాలకు వెళ్లేవి. 1978లో ప్రభుత్వం ఎగుమతిని నిలిపివేసింది. అప్పటి నుంచి పెరిగాయన్నది ఆ వాదన. ఎగుమతి రోజుల్లో ఉత్తరాదిలో కోతులు బాగా తగ్గాయన్నది నిజం. అయితే తెలంగాణ చేలలోకి అవి దిగడానికి నాకు మొదటి రెండు కారణాలే ఎక్కువ బరువైనవిగా కనిపిస్తాయి. వడ్డీ ఎంత ఎక్కువున్నా తిండి లేకపోతే అసలు పెరగదు.

ఎర్రముఖం కోతి, టోపీ కోతి: చట్టం ఎందుకు వేరుగా చూస్తుంది

ఇక్కడే పెద్ద తికమక ఉంది. దక్షిణాదిలో మరో కోతి జాతి ఉంది, దాని పేరు బానెట్ కోతి. తల నడుమ నుంచి నాలుగువైపులా దువ్వినట్టు వెంట్రుకలు టోపీలా ఉంటాయి, తోక ఒంటికన్నా పొడుగు. ప్రపంచంలో మరెక్కడా లేదు, మన దక్షిణ భారతంలోనే ఉంది. తూర్పున గోదావరి హద్దు, దానికి ఉత్తరాన రీసస్, దక్షిణాన బానెట్ అని పాత పుస్తకాలు చెబుతాయి. ఆ హద్దు ఇప్పుడు చెరిగిపోతోంది. రీసస్ కోతులు దక్షిణానికి జరుగుతూ బానెట్ కోతుల చోటును ఆక్రమిస్తున్నాయని 2011లో వెలువడిన అధ్యయనం గమనించింది. మైసూరు పరిసరాల్లో రోడ్డు పక్క మర్రి, రావి చెట్లు పోవడం, కోతుల్ని పట్టి తరలించడం వంటి కారణాలతో 25 ఏళ్లలో బానెట్ కోతులు 65 శాతానికి పైగా తగ్గాయని 2017లో పరిశోధకులు రాశారు.

వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో రీసస్ కోతి రక్షిత జాబితాల్లోంచి తప్పుకుంది. బానెట్ కోతి మాత్రం ఎక్కువ రక్షణ ఇచ్చే మొదటి షెడ్యూలులో ఉంది. చూడడానికి రెండూ ‘కోతులే’ కాబట్టి ఒకచోట అధికారి సరే అన్న పని మరోచోట నేరం ఎందుకైందో జనానికి అర్థం కాదు.

అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, అంటే ఐయూసీఎన్, వేసే ముద్రలనూ ఇలాగే అపార్థం చేసుకుంటాం. రీసస్ కోతిని ‘ఆందోళన అక్కరలేని’ జాతిగా, బానెట్ కోతిని ‘ముప్పుకు లోనయ్యే’ జాతిగా ఆ సంఘం పేర్కొంది. కళ్లముందు వందల్లో తిరిగే బానెట్ కోతికి ముప్పేమిటని అడిగేవారున్నారు. ఆ ముద్రకు ముఖ్యమైన కొలమానాల్లో ఒకటి తగ్గుదల వేగం. పదేళ్లలో లేదా మూడు తరాల్లో, ఏది ఎక్కువైతే ఆ కాలంలో, 30 శాతం తగ్గితే ‘ముప్పుకు లోనయ్యే’ జాతి, 50 శాతం తగ్గితే ‘అంతరించే ప్రమాదంలో’ ఉన్నది. ఉన్నవి ఇంకా లక్షల్లో ఉండవచ్చు. తరం అంటే ఎంత? కోతికి పది, పన్నెండేళ్లు అనుకుంటే మూడు తరాలు 30 నుంచి 36 ఏళ్లు. గల్పర్ సొరకు పాతికేళ్లకు పైగా అనుకోవాలి, మూడు తరాలు 75 దాటుతాయి. లోతు నీటిలో శాస్త్రవేత్తలు వల లాగి లెక్క రాయడం మొదలుపెట్టిందే చాలాచోట్ల అంతకాలం కిందట కాదు. కోతిని రోడ్డు పక్క ఆగి లెక్కపెట్టవచ్చు. సొరను లెక్కపెట్టడానికి చాలాసార్లు దాన్ని పట్టక తప్పదు.

ఒకే టీకా చర్చలో ఇద్దరూ

ఈ రెండు జీవులు ఎప్పుడూ ఎదురుపడవు. అయినా మనిషి వైద్యంలో ఒకేచోట కలిశాయి.

మన రక్తం గ్రూపు పక్కన పాజిటివ్, నెగటివ్ అని రాస్తారు. అది ఆర్‌హెచ్ కారకం గుర్తు. ఆ పేరులో ఉన్నది రీసస్ కోతే. కార్ల్ లాండ్‌స్టైనర్, అలెగ్జాండర్ వీనర్ 1940లో రీసస్ కోతి రక్తకణాలతో చేసిన ప్రయోగాల ఆధారంగా దాన్ని ప్రకటించారు. వారు కోతి రక్తంతో కనుగొన్నదీ, మనిషి రక్తంలోనిదీ సరిగ్గా ఒకటి కాదని తర్వాత తేలినా పేరు నిలిచిపోయింది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన కొవాగ్జిన్‌ను మనుషులకు ఇచ్చే పరీక్షల తొలిరోజుల్లోనే పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ 20 రీసస్ కోతుల మీద పరీక్షించింది.

సొర వచ్చేది టీకా సీసాలోకే. కొన్ని టీకాలకు రోగనిరోధక స్పందనను పెంచే సహాయక ద్రవ్యం కలుపుతారు. స్క్వాలీన్‌తో చేసిన అలాంటి ద్రవ్యం ఉన్న ఫ్లూ టీకా 1997లో ఇటలీలో అనుమతి పొందింది. ఒక మోతాదులో సుమారు పది మిల్లీగ్రాముల స్క్వాలీన్ ఉంటుంది. 2020లో ఒక సొరల పరిరక్షణ సంస్థ ఒక హెచ్చరిక చేసింది: ప్రపంచంలో అందరికీ రెండేసి మోతాదులు స్క్వాలీన్ టీకాలే ఇస్తే ఐదు లక్షల సొరలు కావాలని. ఆ లెక్కను విప్పి చూద్దాం. సుమారు 780 కోట్ల మందికి రెండేసి మోతాదులంటే 1,560 కోట్ల మోతాదులు. పది మిల్లీగ్రాముల చొప్పున 156 టన్నుల స్క్వాలీన్. టన్నుకు మూడు వేల సొరలన్నది ఆ సంస్థ అంచనా. గుణిస్తే 4,68,000. కూడికలో తప్పు లేదు. తికమక ‘అందరికీ అదే టీకా ఇస్తే’ అన్న మాటలో ఉంది. మన దేశంలో ఎక్కువగా ఇచ్చిన కొవిషీల్డ్‌లో గానీ, కొవాగ్జిన్‌లో గానీ స్క్వాలీన్ లేదు. టీకా వేయించుకోవడం సొరను చంపడమే అన్న ప్రచారం అందుకే నిలవదు.

అలాగని ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. స్క్వాలీన్‌లో పెద్ద వాటా పోయేది సౌందర్య సాధనాలకే. ఆ రంగంలో చాలా సంస్థలు ఆలివ్, చెరకు నుంచి తీసిన దానికి మారాయి. చెరకు చక్కెరను పులియబెట్టి తీసిన స్క్వాలీన్ రసాయనికంగా అదే పదార్థం. టీకాల్లో మార్పు నిదానం, ఎందుకంటే మూలం మారితే శుద్ధత, భద్రత మళ్లీ నిరూపించాలి, అనుమతులు మళ్లీ తెచ్చుకోవాలి. ఆ జాగ్రత్త అవసరమైనదే. ఫేస్ క్రీముకు అంత అవసరం లేదు కాబట్టి మొదట ఆగాల్సినది అక్కడే అన్నది నా అభిప్రాయం.

నిషేధం ఫలితం ఎప్పుడు కనిపిస్తుంది

ఐరోపా సమాఖ్య లోతు నీటి సొరల పట్టుబడి పరిమితిని 2010లో సున్నాకు దించింది. 2016లో తన జలాల్లో 800 మీటర్ల కింద అడుగు ట్రాలింగ్‌ను, అంటే సముద్రపు నేల మీద వల ఈడ్చే వేటను, ఆపింది. ఇన్నేళ్లయినా సొరలు పెరగలేదేమని కొందరు అడుగుతున్నారు. హిమాచల్‌లో ఆపరేషన్లు మొదలుపెట్టిన నాలుగేళ్లకు ఈ ప్రశ్న వేస్తే అర్థముంది, అక్కడ నాలుగేళ్లంటే ఒక తరం కోతులు ఈడుకు వచ్చే కాలం. పైన వేసిన లెక్కతోనే చూస్తే, పరిమితి సున్నా అయిన 2010లో పుట్టిన గల్పర్ ఆడపిల్ల 2026లో ఈడుకు వస్తుంది. దాని మొదటి పిల్ల పుట్టేది 2028లో. అది ఆడదే అయితే, దాని కడుపున మరో పిల్ల పుట్టేది 2046లో.